ప్రాతకారు వెనుక ఇరుసు

1962లో ఇంగ్లండున వెలువడిన ట్రయంఫు స్పిట్‌ఫైరు అను స్పోర్ట్సు కారును, 1961 మొదలు మదరాసున తయారైన స్టాండర్డు హెరాల్డును ఏకవంశజములు. అట్టి ప్రాతకారును ముచ్చటపడి హైటెక్ సిటీ వీథులలో నడుపు ఇంటివారు దాని వెనుకటి ధ్వనిని శ్రద్ధగా వినవలెను.

మలుపున వెలుపలి చక్రము లోపలిదానికన్న ఎక్కువ దూరము పోవలెను. ఆ భేదమును సర్దునది డిఫరెన్షియలు. యాక్సిలరేటరు త్రొక్కినపుడొక విధముగను, విడిచినపుడు వేరొక విధముగను కూసినచో దాని పండ్లచక్రములు అరిగినవని తలంపవలెను. త్రొక్కినను విడిచినను మాఱక, వేగముతో హెచ్చు రొద చక్రపు బేరింగుది. రోడ్డు మాఱినంతనే ధ్వని మాఱెనేని టైర్లే కారణము. మాదాపూరు కూడలికడ ఆగి కదలునపుడు ‘టక్కు’మనుట ఇరుసు కీళ్ల వదులుతనమును సూచించును.

పెద్ద ఖర్చునకు పూనుకొనకముందు డిఫరెన్షియలు నూనెను చూపింపుఁడు. తగ్గియున్నచో సీలు మార్చి నూనె నింపిన చాలవచ్చును; అందు లోహపు తునుకలున్నచో విప్పక తప్పదు. ఈ కార్లలో వెనుక ఇరుసు విరిగెనేని చక్రమే ఊడిపోవచ్చును. కావున చక్రమును నేల విడునట్లు ఎత్తించి, మీఁదను క్రిందను పట్టి ఊఁపింపుఁడు. అది కదలాడెనేని, బాగుచేయించువఱకు పిల్లలను అందెక్కించి ఔటరు రింగురోడ్డునకు పోనీయకుఁడు.