పుండు మీద పోస్టర్

హైదరాబాద్ పాతబస్తీ మీద పోస్టర్ వేశానని చెప్పే ప్రతి డిజైన్ విద్యార్థినీ నేను ఒక్కటే అడుగుతాను. పాతబస్తీలో దాన్ని ఎక్కడ అంటించావు?

జ్యూరీకి చూపించానంటారు. కాలేజీ గ్యాలరీలో పెట్టానంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టానంటారు. గల్లీలో అంటించినవాడు మాత్రం దొరకడు. ఎవరి బాధని బొమ్మ కట్టావో ఆ మనిషి కంట పడని బొమ్మని సామాజిక స్పృహ అనడానికి నోరెలా వచ్చింది తమ్ముడూ? ఎద్దు పుండు కాకికి నొప్పా అని మనవాళ్లు ఊరికే అనలేదు. పుండు మీద వాలావు, కావలసింది పొడుచుకున్నావు, ఎగిరిపోయావు. మార్కులు నీకు. పుండు వాళ్లకి.

ఆ పోస్టర్లు నాకు కంఠతా వచ్చు. నఖాబ్‌లోంచి రెండు కళ్లు. లక్క గాజుల ముందు పసిచేతులు. వెనకాల మసకమసకగా చార్మినార్. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ఇంగ్లీషు వాక్యం. ఆ వాక్యం ఎవరి కోసం? చీకటి గదిలో కూర్చుని గాజుల మీద రాళ్లు అతికించే పిల్ల కోసమా? ఆ పిల్ల తల్లి కోసమా? పని చేయించుకునే సేఠ్ కోసమా? ముగ్గురిలో ఒక్కరూ చదవరు. చదివేది జ్యూరీ. చదివి తల ఊపుతుంది, ఏసీ గదిలో కాసేపు జాలిపడుతుంది, టీ తాగుతుంది.

పిల్లల్ని అని మేష్టార్లని వదిలేస్తానా? ఏటా అవే సబ్జెక్టులు. నీటి పొదుపు, ఆడపిల్ల చదువు, పొగాకు మానండి. హాస్టల్ గది గడప దాటకుండా ముగించేయగల సబ్జెక్టులు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. బతుకు తెలియకుండా బాధ గీయడం నేర్పే చదువు అది. అది చదువు కాదు, మోసం.

1964లో లండన్‌లో కెన్ గార్లాండ్ అనే డిజైనర్ ఒక మేనిఫెస్టో అచ్చువేశాడు. మన నైపుణ్యమంతా సరుకులు అమ్మిపెట్టడానికే ధారపోస్తున్నాం, ఇంతకంటే చేయదగ్గ పనులున్నాయని దాని సారం. అతనితో కలిపి 22 మంది సంతకాలు చేశారు. దాని గురించి పరీక్షలో పేజీలు నింపినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లలో ఛత్తా బజార్ ఎటువైపో తెలిసినవాళ్లు ఎందరు?

చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. షాదీ కార్డుల బజారు, ప్రింటింగ్ ప్రెస్సుల బజారు. అక్కడ కాతిబులు కూర్చుని కలంతో ఉర్దూ నస్తాలీఖ్ రాసేవాళ్లు. కలం మొనతో పెట్టిన చుక్కే వాళ్ల కొలబద్ద. అలిఫ్ ఎత్తు ఇన్ని చుక్కలు, బే పొడుగు ఇన్ని చుక్కలు. మాట కుడివైపు పైన మొదలై ఎడమకి జారుతూ దిగుతుంది, ఒక అక్షరం ఇంకో అక్షరానికి చోటిస్తుంది. ప్రపోర్షన్ అనీ స్పేసింగ్ అనీ నువ్వు లక్షలు కట్టి నేర్చుకుంటున్నది వాళ్ల వేళ్లలో ఉంది. 1981లో నూరి నస్తాలీఖ్ ఫాంట్‌తో ఆ రాత కంప్యూటర్‌కెక్కింది, తర్వాత ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది, కాతిబు పని పోయింది. ఇన్ని డిజైన్ కాలేజీలున్న నగరంలో ఆ చేతుల పక్కన కూర్చుని నేర్చుకుందామని ఎందరికి తోచింది?

2017లో చట్టం సవరించి తెలంగాణ అంతటా ఉర్దూని రెండో అధికార భాష చేశారు. కాగితం మీద గౌరవం దక్కింది. బోర్డు మీద? లిపి తెలియని సాఫ్ట్‌వేర్‌లో పడితే ఉర్దూ అక్షరాలు చేతులు వదిలేసి విడివిడిగా, వెనకది ముందుగా నిలబడతాయి. తెలుగుకి వత్తులు ఊడిపోతాయి. ఇంగ్లీషు కొలతలో పేర్చిన వరసల మధ్య మన వత్తు కింది వరస గుడి మీద పడి రెండూ చస్తాయి. ఆసుపత్రిలో ఏ గదికి పోవాలో తెలియక చీటీ పట్టుకుని ముగ్గుర్ని అడిగే ముసలమ్మకి ఇది అందచందాల గొడవ కాదు. అక్కడ నీ అవసరం ఉంది. అక్కడ నువ్వు లేవు.

అది పెయింటర్ పని, మేం ఆర్టిస్టులం అంటావా? 1951-52లో తొలి ఎన్నికలకి చదువురాని కోట్లమంది తరలివస్తే వాళ్ల చేత ఓటు వేయించింది గుర్తులు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం అక్షరం ముక్క రానివాళ్లకీ తెలుసు. 2017లో కన్నుమూసిన మన ఆర్టిస్ట్ మోహన్ ఉద్యమాలకి వేసిన పోస్టర్లు జనం మధ్య బతికాయి. చిన్న పనులా ఇవి? నీ పోర్ట్‌ఫోలియోలో ఏ పేజీ వీటి పక్కన నిలబడుతుంది, చూపించు.

ప్రాణం మీదికొచ్చే చోటు కూడా ఒకటి చూడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు చింతచెట్టెక్కి 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. నూటపన్నెండేళ్ల తర్వాత, 2020 అక్టోబర్‌లో అల్ జుబైల్ కాలనీ మునిగింది. ఆ నెలలోనే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు ఎంత ఎత్తు వస్తే ఇల్లు వదలాలి, ఏ దారి పట్టాలి, ఎవరి మిద్దె ఎక్కాలి? ఆ సంగతి చెప్పే గీత గల్లీ గోడల మీద ఎన్నిచోట్ల ఉంది? లీడర్ల ముఖాల ఫ్లెక్సులకి మాత్రం ప్రతి కరెంటు స్తంభం మీదా చోటుంది. ఆ ఫ్లెక్సు డిజైన్ చేసిందీ ఎవరో ఒక డిజైనరే. దాన్ని మించింది చేయగలిగీ చేయనివాడి తప్పు ఇంకా పెద్దది.

దమ్ముంటే ఈ వానాకాలం లోపు బయల్దేరు. ల్యాప్‌టాప్ మూసెయ్. ఒక డబ్బా రంగు, ఒక బ్రష్షు పట్టుకో. నీళ్లొచ్చిన గల్లీకి పోయి, అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ ఇంటివాళ్లనే అడుగు. వాళ్లు చెయ్యి పెట్టి చూపించిన చోట గీత గీసి, ఉర్దూలోనూ తెలుగులోనూ రాయి. రాత రాకపోతే ఛత్తా బజార్‌కి పోయి రాసేవాణ్ని బతిమాలి తెచ్చుకో, కూలి ఇచ్చి మరీ తెచ్చుకో. ఆ తర్వాత ఇంటి పెద్దామెని పిలిచి చూపించు. ఆమెకి అర్థం కాలేదంటే తుడిచేసి మళ్లీ గీయి.