పాత కంప్యూటర్లను తుక్కుకు వేసేముందు ఒక్క పూట ఆగండి

ప్రధానోపాధ్యాయులకు, బడి కమిటీ పెద్దలకు, కంప్యూటరు తెలిసిన కుర్రకారుకు ఒక విన్నపం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. దాంతో బళ్లలో కంప్యూటరు గదులు ఖాళీ చేసి, యంత్రాలను తూకానికి అమ్మేద్దామన్న మాట వినబడుతోంది. మేం అడిగేది ఒక్కటే: ఫలానా యంత్రాన్ని విప్పి చూశాం, ఇదీ దాని జబ్బు అని రాసి సంతకం చేసిన చీటీ లేకుండా ఒక్క డబ్బా కూడా గేటు దాటకూడదు.

ఎందుకంటే, పోయిందనుకున్నవాటిలో నిజంగా పోయినవి తక్కువ. మూడు టెరాబైట్ల కొత్త డిస్కు పెడితే పాత కంప్యూటరు 746 జీబీయే చూపిస్తుంది. 'డిస్కు డూప్లికేటు' అని ఒకరు, 'మదర్‌బోర్డు పోయింది' అని మరొకరు తేల్చేస్తారు. రెండూ కాదు, అది లెక్క తిరగబడటం. పాత స్కూటరు మీటరు 99999 దాటగానే మళ్లీ సున్నాకి వస్తుంది కదా, ఇదీ అంతే. పాత డ్రైవర్లు సెక్టార్లను 32 బిట్లలో లెక్కపెడతాయి. సెక్టారుకు 512 బైట్ల చొప్పున 2.2 టెరాబైట్ల దగ్గర ఆ లెక్క నిండిపోతుంది. తిరిగి మొదటినుంచి లెక్కిస్తే తేలే మిగులే ఆ 746. డ్రైవరు మార్చి, డిస్కును జీపీటీ పద్ధతిలో విభజిస్తే మొత్తం జాగా కనబడుతుంది. అయితే పాత బయోస్ ఉన్న యంత్రంలో విండోస్ జీపీటీ డిస్కు నుంచి లేవదు. అందుకని పాత చిన్న డిస్కును బూటింగ్‌కు ఉంచి, పెద్దదాన్ని దాచుకోవడానికి వాడండి.

అంతకంటే ముసలి యంత్రాల్లో గీత 137 జీబీ దగ్గరే ఉంటుంది. అక్కడ లెక్కకు 28 బిట్లే. 48 బిట్ల పద్ధతి 2002 ప్రాంతంలోగాని ప్రమాణం కాలేదు. ఇక్కడ మాత్రం భయపడాలి. గీత దాటి రాసింది వెనక్కి తిరిగి డిస్కు మొదట్లో పడి, అక్కడున్న ఫైళ్లను చెరిపేయగలదు. మార్కుల జాబితాలు పోయాక 'వైరస్' అని తిట్టుకుని లాభం లేదు. ముందు కాపీ, తర్వాతే మరమ్మతు.

విండోస్ తీసేసి, దాని బదులు అంతా లైనక్సే పెట్టేయమని మేం అనడం లేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ప్రశ్నపత్రాలు కూర్చే మాస్టారికి విండోస్ కావాలి. ఉండనివ్వండి, ఇంటర్నెట్‌కు కలపకండి. పిల్లలకు అదే యంత్రంలో, దాని పక్కనే లైనక్సు. ముందు విండోస్, తర్వాత లైనక్సు వేయాలి. వరస తప్పితే విండోస్ తన బూటు కోడునే మొదట రాసుకుంటుంది, లైనక్సు మాయమైనట్టు కనబడుతుంది. మాయం కాలేదు, గుమ్మం మూసుకుపోయింది. పెన్‌డ్రైవుతో బూట్ చేసి, లైనక్సు బూటు కోడైన గ్రబ్‌ను తిరిగి వేస్తే చాలు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోతే, లైనక్సు ఆ విండోస్ డ్రైవును చదవనిస్తుందిగాని రాయనివ్వదు.

ఇలా రెండూ ఉన్న యంత్రంలో గడియారం సంగతి మరీ తమాషా. టైము తప్పిందని బ్యాటరీలు మార్చేవాళ్లను చూశాం. తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే బ్యాటరీది తప్పు కాదు. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన సమయం ఉందనుకుంటుంది, లైనక్సు గ్రీనిచ్ సమయం ఉందనుకుంటుంది. లైనక్సుకు ఒక్క ఆదేశం ఇస్తే తగువు తీరుతుంది.

కెపాసిటర్లు ఉబ్బినవి, గరగరమనే డిస్కులు పోనీయండి, వాటి మీద మాకు మమకారం లేదు. కానీ తూకం బండికి కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, నమోదైన రీసైక్లింగ్ సంస్థకే ఇవ్వండి.

ఒక ఆదివారం గది తాళం తెరిపించండి, చీటీలు మేం రాసిపెడతాం. వచ్చే కుర్రాళ్లు ఒక స్క్రూడ్రైవరు, ఖాళీ పెన్‌డ్రైవు తెచ్చుకోండి. ముక్కుకు కట్టుకోను గుడ్డ కూడా. డబ్బా మూత తీశాక ఎందుకో మీకే తెలుస్తుంది.