ఏకగ్రీవం అంటే ఎవరి గొంతు?

పేటల్లోని అన్నలారా, అక్కలారా, చదువుకున్న తమ్ముళ్లారా!

పంచాయతీ ఎన్నికల మాట వినపడితే చాలు, మన గోదావరి ఊళ్లలో పెద్దమనుషుల నోట ఒకటే పాట. "ఎన్నికలెందుకండీ, కొట్టుకోటాలెందుకండీ, అందరం కూచుని ఏకగ్రీవం చేసేసుకుందాం. గవర్నమెంటు డబ్బులిత్తాది, ఊరు బాగుపడతాది" అంటారు. ఎంత తియ్యగా ఉందో చూడండి! పిల్లలకి తెలుగు చెప్పి బతికేవాణ్ణి కాబట్టి అర్థం చెప్తాను. గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఒకటే మెడ, ఒకటే గొంతు. మరి ఆ ఒక్క గొంతు ఎవరిది? మాలపేట గొంతా? మాదిగపేట గొంతా? నాట్లేసి, కోతలు కోసి వచ్చే మన ఆడోళ్ల గొంతా?

ఏకగ్రీవం ఎక్కడ జరుగుతుందో మీకు తెలుసు. రామాలయం అరుగు మీదో, ఓ పెద్దాయన మేడ మీదో జరుగుతుంది. పేట నుంచి ఇద్దరు ముగ్గురికి కబురు పెడతారు. వాళ్లు వెళ్లి కింద నుంచుంటారు. అరుగు మీద కూచున్నవాళ్లు తేల్చేస్తారు, కింద నుంచున్నవాళ్లు తలూపుతారు. తెల్లారేసరికి "ఊరంతా ఒప్పుకుంది" అని చాటింపు. పేట ఊరిలోది కాదా? పన్ను కట్టేటప్పుడు ఊరిలోదే, ఓట్ల లెక్కకి ఊరిలోదే, నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి ఊరి బయటదా?

ఇక డబ్బుల సంగతి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు ప్రభుత్వం ఏకగ్రీవాలకి రేటు కట్టింది. రెండు వేల లోపు జనాభా ఊరికి 5 లక్షలు, అయిదు వేల వరకు 10 లక్షలు, పది వేల వరకు 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు. మూడో తరగతి పిల్లాడు కూడా చేసే లెక్క ఇది. రెండు వేల మంది ఊరికి 5 లక్షలంటే మనిషికి 250 రూపాయలు. సర్పంచి ఉండేది అయిదేళ్లు. అంటే ఏడాదికి 50 రూపాయలు. పది వేల మంది ఊరైతే మనిషికి 150, ఏడాదికి 30 రూపాయలు. మన గొంతు ఖరీదు ఇదీ! ఒక పూట కూలి డబ్బుల్లో ఎన్నో వంతు? ఆ ముప్పయ్యో యాభయ్యో కూడా మన చేతికి రాదు, మన వీధిలోకీ వస్తుందన్న నమ్మకం లేదు.

"మరి గొడవలు వద్దంటే తప్పేంటి మేష్టారూ?" అని కొందరు అడుగుతారు. గొడవ ఎవరు చేస్తున్నారు? నామినేషన్ వేసేవాడు చేస్తున్నాడా, వెయ్యొద్దని ఇంటికొచ్చి బెదిరించేవాడు చేస్తున్నాడా? ఓటు వేసుకోవడం గొడవ ఎప్పుడైంది? మనం కుర్చీలో కూచున్నప్పుడే అది వాళ్ల కళ్లకి గొడవ అవుతుంది. దీనికి సాక్ష్యం కోసం చుండూరు దాకా, కారంచేడు దాకా పోనక్కర్లేదు. మన రామచంద్రపురం మండలంలోనే ఉంది.

వెంకటాయపాలెం. 1996 డిసెంబరు 29. అయిదుగురు దళిత యువకుల్ని పట్టుకుని హింసించారు. ఇద్దరికి గుండు గీసి, కనుబొమలు కూడా గీసేశారు. కేసు పుట్టింది మన ద్రాక్షారామం పోలీస్ స్టేషన్లోనే. ఆ కుర్రాళ్ల నేరం ఏంటి? అవతలి వైపు వాళ్లు రకరకాల కథలు చెప్పారు. బాధితులు మొదటినుంచీ చెప్తూ వచ్చిన కారణం మాత్రం ఒకటే: 1994 ఎన్నికల్లో ఎదుటి పక్షం ఏజెంట్లుగా బూత్‌లో కూచున్నారు, దొంగ ఓట్లకి అడ్డం పడ్డారు. అంటే బూత్‌లో కుర్చీ ఎక్కినందుకు తల మీద కత్తి పెట్టారు. కాళ్లూ చేతులూ విరగ్గొట్టొచ్చు కదా, తలే ఎందుకు గొరిగారు? మనిషిని కొడితే దెబ్బ మానుతుంది. తల గొరిగి ఊళ్లో తిప్పితే పేట మొత్తం తల దించుకుంటుందని, ఇంకో తరం దాకా ఎవడూ ఏజెంటుగా కూచోడని లెక్క వేశారు.

ఆ కేసు ఎంత నడిచిందో వినండి. ఒక దశలో ప్రభుత్వమే కేసు ఎత్తేసింది. బాధితులు హైకోర్టుకి వెళ్లి మళ్లీ నిలబెట్టుకున్నారు. వాయిదాలే వాయిదాలు. సాక్షుల్లో ఎంతోమంది తీర్పు వినకుండానే కన్నుమూశారు. చివరికి 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టు, ఘటన నాటి రామచంద్రపురం ఎమ్మెల్యే తోట త్రిమూర్తులుతో పాటు మరికొందర్ని దోషులుగా తేల్చి 18 నెలల జైలు శిక్ష వేసింది. పైకోర్టుకి పోయే హక్కు చట్టం అందరికీ ఇచ్చింది, అది వేరే సంగతి. కానీ 27 ఏళ్లు! ఆనాడు ఎత్తుకున్న బిడ్డ ఈనాడు బిడ్డని ఎత్తుకుంది. చార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని అట్రాసిటీ చట్టంలో 2015 సవరణ చెప్తోంది. రెండు నెలలెక్కడ, 27 ఏళ్లెక్కడ?

ఈ 27 ఏళ్లలో పార్టీలేం చేశాయి? 1994లో స్వతంత్రుడిగా గెలిచిన ఆ నాయకుడే 1999లో తెలుగుదేశం టికెట్ మీద గెలిచాడు. 2012 ఉప ఎన్నికలో కాంగ్రెస్ టికెట్ మీద, 2014లో మళ్లీ తెలుగుదేశం టికెట్ మీద గెలిచాడు. తీర్పు వచ్చిన రోజుకి వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్సీ, మండపేట అసెంబ్లీకి అభ్యర్థి. జెండా రంగులు మారాయి గానీ, శిరోముండనం కేసు ఉన్న మనిషికి టికెట్ ఇయ్యటానికి ఏ పార్టీ చెయ్యీ వణకలేదు. ఎందుకు వణకలేదు? పేటలో ఎవడూ అడగడన్న ధీమా. ఆ ధీమా వాళ్లకి ఇచ్చింది ఎవరో మనల్ని మనమే అడగాలి. అంబేద్కర్ జయంతికి ఈ మూడు పార్టీల నాయకులూ వస్తారు, దండలేస్తారు, ఫొటోలు దిగుతారు. ఒక్కడినన్నా నిలబెట్టి "వెంకటాయపాలెం గురించి మీ పార్టీ ఏమంటది?" అని అడిగామా?

ఇది పాత కథ అనుకునేవాళ్లకి ఇంకోటి గుర్తు చేస్తాను. 2020 జూలైలో మన జిల్లాలోనే సీతానగరం పోలీస్ స్టేషన్లో ఇసుక లారీల గొడవలో ఒక దళిత యువకుడికి గుండు గీశారు. ఈసారి కత్తి పడింది ఠాణాలోనే. ఊళ్లో విషయం అడిగినందుకు మన తల గొరగటం ఇరవై నాలుగేళ్ల తర్వాత కూడా ఆగలేదు. 2022 మే 24న అమలాపురం తగలబడింది. ఎందుకు? ఒక జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు. పేరునే ఓర్చుకోలేనివాళ్లు మన ఏజెంటుని ఓర్చుకుంటారా?

నేను సర్కారు జీతం తీసుకునే మేష్టార్ని. ఫలానా పార్టీకి ఓటెయ్యమని చెప్పను, చెప్పకూడదు. కానీ ఎలక్షన్ డ్యూటీ చేసిన ప్రతి మేష్టారికీ తెలిసిన విషయం ఒకటి చెప్తాను. బూత్‌లో ఏజెంటు కుర్చీ చిన్నది, పని పెద్దది. పోలింగ్ మొదలవక ముందు ఖాళీ బాక్సు చూపించేది ఏజెంటుకే. మిషన్ అయితే మాక్ పోల్ వేసి చూపించేదీ, సీలు మీద సంతకం పెట్టించేదీ ఏజెంటు చేతే. వచ్చినవాడు అసలు ఓటరో, చచ్చిపోయినవాడి పేరు మీద వచ్చిన దొంగ ఓటరో గుర్తు పట్టేది ఏజెంటే. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో రెండు రూపాయలు కట్టి ఓటుని సవాలు చెయ్యొచ్చు. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్క కాగితం 17సి, దాని నకలు తీసుకునేది ఏజెంటే. ఆ కుర్చీలో మన మనిషి లేకపోతే, బయట వెయ్యిమంది క్యూ కట్టినా లోపల ఏం జరిగిందో మనకి తెలియదు. అందుకే ఆ కుర్చీ అంటే వాళ్లకి అంత మంట.

ఇప్పుడు చట్టం ఏమంటుందో వినండి. ఇంట్లో గోడకి రాసుకోండి. అట్రాసిటీ చట్టం 1989లో వచ్చినప్పుడే దళితుణ్ణి ఓటెయ్యకుండా ఆపడం, ఫలానావాడికే వెయ్యమని బెదిరించడం నేరం అని రాశారు. 2015 సవరణలో ఇంకా తేటగా రాశారు. నామినేషన్ వెయ్యకుండా ఆపితే నేరం. ఎస్సీ అభ్యర్థి పేరు ప్రతిపాదించేవాణ్ణి, బలపరిచేవాణ్ణి ఆపితే నేరం. గెలిచిన ఎస్సీ సర్పంచిని, వార్డు మెంబరుని పని చెయ్యనివ్వకపోతే నేరం. బలవంతంగా గుండు గీయడం, మీసం తీయడం అన్న మాటలు కూడా చట్టంలో పేరు పెట్టి రాశారు. దెబ్బలు తిన్నవాళ్లు కోర్టుల చుట్టూ తిరగబట్టే ఇలాంటి మాటలు చట్టంలోకి ఎక్కాయి. ఆ మాటల్ని మనం వాడకపోతే వాళ్ల బాధ వృథా.

రిజర్వేషన్ సంగతీ చెప్పుకోవాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. జనాభా లెక్కన ఎస్సీలకి సర్పంచి పదవులు దక్కాయి. వెంటనే పెద్దమనుషులు కొత్త ఉపాయం పట్టారు. తమ పాలేరు కొడుకునో, తమ మాట జవదాటని మనిషినో నిలబెట్టడం, ఏకగ్రీవం చేయించడం, సంతకం చేసిన చెక్కుబుక్కు తమ బీరువాలో పెట్టుకోవడం. ఎస్సీ మహిళకి సీటు వస్తే మరీ సులువనుకుంటారు. సర్పంచి ఇంటి ముందు అరుగు మీద, చెక్కుబుక్కు మేడ మీద! ఏకగ్రీవం మీద వాళ్లకి అంత ప్రేమ ఎందుకో ఇప్పుడు అర్థమైందా? పోటీలో గెలిచిన దళిత సర్పంచి ఓట్లకి జవాబు చెప్తాడు. ఏకగ్రీవంలో వచ్చినవాడు అరుగుకి జవాబు చెప్తాడు. తమిళనాడులో మేలవలవు పంచాయతీ దళితులకి రిజర్వ్ అయింది. అరుగు మాట వినకుండా పోటీ చేసి గెలిచిన ప్రెసిడెంటు మురుగేశన్‌ని 1997 జూన్ 30న మరికొందరితో కలిపి నరికి చంపారు. అంత దూరంలోనూ కుర్చీ విలువ వాళ్లకి తెలుసు. తెలియంది మనకే.

మన ద్రాక్షారామం భీమేశ్వరాలయం గోడలనిండా శాసనాలున్నాయి. ఎవరు అఖండ దీపానికి ఎన్ని గొర్రెలిచ్చారో, ఎవరు భూమి ఇచ్చారో రాతి మీద చెక్కించారు. ఇచ్చినవాడి పేరు వెయ్యేళ్లు నిలిచింది. ఆ భూమి దున్నినవాడి పేరు కోసం వెతుకుతూనే ఉన్నాను. పేరు రాయించుకోవడం కూడా అధికారమే. రాతి మీద మన పేరు లేకపోతే పోనీ, పంచాయతీ మినిట్స్ బుక్కులోనన్నా ఉండొద్దా? మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మా నాన్న వరకూ అందరివీ వేలిముద్రలే. వేలిముద్రలు వేయించుకున్నవాడు ఏం రాసుకున్నాడో వాళ్లకి తెలియలేదు. మనకి చదవడం వచ్చింది. చదివి కూడా చదవకుండా సంతకం పెడితే వేలిముద్రకీ సంతకానికీ తేడా ఏముంది?

మనవాళ్లతో కూడా రెండు మాటలు. పోలింగ్ ముందు రాత్రి కవర్లు పట్టుకొచ్చే పేట పెద్దలారా, మీరు తెచ్చే రెండు వేలు అయిదేళ్ల బానిసత్వానికి అడ్వాన్సు. వర్గీకరణ మీద మాలలకో మాట, మాదిగలకో మాట ఉండొచ్చు. ఆ వాదన మనలో మనం వాదించుకుందాం. కానీ బూత్ దగ్గరకొచ్చి బెదిరించేవాడు ఏ పేటో అడిగి బెదిరించడు. ఉద్యోగాలొచ్చి రామచంద్రపురంలో, కాకినాడలో ఇల్లు కట్టుకున్న అన్నలారా, జయంతికి చందా ఇస్తే బాధ్యత తీరిందనుకోకండి. పేటలో కుర్రాడు ఏజెంటుగా కూచున్న రోజు వాడి వెనకాల నుంచోవాల్సింది మీరు.

చెయ్యాల్సిన పనులు పెద్దవేం కావు.

ఒకటి. ప్రతి పేటలో ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు ఏజెంటు పని నేర్చుకోవాలి. ఓటర్ల జాబితా ముందే తెచ్చుకుని ఇంటింటికీ తిరిగి సరిచూడాలి. చనిపోయినవాళ్లెవరు, వలస పోయినవాళ్లెవరు, పేరు ఎగిరిపోయినవాళ్లెవరు అన్నది రాసి పెట్టుకోవాలి.

రెండు. అరుగు మీదకి పిలిస్తే పేటలో సభ పెట్టకుండా ఎవరూ వెళ్లకూడదు. వెళ్లినవాళ్లు కింద నుంచోకూడదు, సమానంగా కూచోవాలి. కుర్చీ లేకపోతే తిరిగి రావాలి.

మూడు. గ్రామసభ జరిగే రోజుల్లో ఒకటి ఏప్రిల్ 14. బాబాసాహెబ్ పుట్టినరోజే గ్రామసభ! మనం దండేసి, బిర్యానీ తిని ఇంటికి పోతున్నాం. అదే సమయంలో పంచాయతీ ఆఫీసులో మన పేరు మీద తీర్మానాలు రాసుకుంటున్నారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మీ పేట నుంచి ఎంతమంది వెళ్లారు? ఎవరు మాట్లాడారు? ఇకనుంచి విగ్రహం దగ్గర నుంచి ఊరేగింపు నేరుగా పంచాయతీ ఆఫీసుకి పోవాలి. అడగాల్సినవి అడగాలి: పేట కాలవ ఎందుకు పూడిపోయింది, శ్మశానానికి దారి ఏది, మన పేరు మీద వచ్చిన సబ్ ప్లాన్ డబ్బు ఎక్కడ ఖర్చయింది? 2013 నుంచి ఉప ప్రణాళికకి చట్టం ఉంది.

నాలుగు. నోటితో చెప్పకపోతే కాగితంతో అడగాలి. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు కూడా లేదు. తెల్లకాగితం చాలు.

అయిదు. ఎవరన్నా బెదిరిస్తే ఒక్కడే స్టేషన్‌కి పోవద్దు, పేట పేటంతా కలిసి పోవాలి. ఫిర్యాదు నకలు చేతికి తీసుకోకుండా గడప దిగొద్దు. వెంకటాయపాలెం వాళ్లు 27 ఏళ్లు లొంగకుండా నిలబడ్డారు. వాళ్లని ఇంకెవరూ ఒంటరిగా నిలబెట్టకూడదు.

ఊరికి ఒకటే గొంతు అన్నవాడితో చెప్పండి: ఊరంటే పేటలతో కలిపి ఊరు. మా గొంతు కలవకుండా పాడేది ఊరి పాట కాదు, నీ ఇంటి పాట. మేం నామినేషన్ వేస్తాం, ఏజెంటుగా కూచుంటాం, ఓడినా లెక్క కాగితం చేతబట్టుకునే బయటికొస్తాం. తల మీద కత్తి పెట్టిన రోజుల్లోనే మనవాళ్లు ఆ కుర్చీ వదల్లేదు. ఇప్పుడు మనం ఎందుకు వదలాలి?

జై భీమ్!

— ఒక బడి మేష్టారు, ద్రాక్షారామం