సెలవు లెక్క ఎవరి దగ్గర ఉన్నది?

"సెలవులు పర్మినెంటు వారికే, క్యాజువల్ కూలీకి సెలవేమిటండీ?" అనే మాట మా సంఘములలో తరచుగా వింటున్నాము. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు, భీమవరము రొయ్యల ప్లాంట్లకు, గుంటూరు స్పిన్నింగు మిల్లులకు పల్లెల నుండి ఆటోలలో వెళ్ళే అక్కచెల్లెళ్ళు ఈ మాట నమ్మి జ్వరముతో కూడ డ్యూటీకి పోవుచున్నారు. గనుక ఈ నెల ఈ విషయమే వ్రాయాలని తలంచాము.

పేరులోనే ఒక వింత ఉన్నది. ప్రభుత్వ ఉద్యోగికి మన రాష్ట్రములలో సంవత్సరానికి 15 రోజులు "క్యాజువల్ లీవు" ఉన్నది. ఫ్యాక్టరీలో "క్యాజువల్ లేబరు" అనిపించుకున్న వారికి మాత్రము ఆ లీవు సామాన్యముగా దొరకదు!

అయితే జీతముతో కూడిన వార్షిక సెలవు సంగతి వేరు. అక్కడ చట్టము పర్మినెంటా, క్యాజువలా అని అడుగదు, ఎన్ని రోజులు పనిచేశారని అడుగుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రకారము సంవత్సరములో 240 రోజులు పనిచేస్తేనే ఆ సెలవు వచ్చేది. ఆ లెక్క దగ్గరపడుతుండగా "కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమ్మా, కబురు పెడతాము" అనే యజమానులు ఉండేవారు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్ ఈ హద్దును 180 రోజులకు తగ్గించింది. పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు సెలవు. 200 రోజులు పనిచేసిన సహోదరికి 10 రోజులన్నమాట. ఆ రోజులకు కూలి కోయరాదు. వాడుకోనిది 30 రోజుల వరకు మరుసటి సంవత్సరానికి జమ అవుతుంది. అడిగినా ఇవ్వకపోతే ఆ 30 హద్దు కూడ ఉండదు. పని మానినా, తీసివేసినా మిగిలిన సెలవులకు డబ్బు కట్టాలి. మనిషి చనిపోతే అది ఇంటివారికి చెందుతుంది. కాంట్రాక్టరు ద్వారా చేరినవారు కూడ కార్మికులే.

చిక్కంతా లెక్కలో ఉన్నది. మస్టరు కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. అందులో మీ పేరు ఎన్ని రోజులు ఎక్కిందో మీకు తెలియదు. గోడ క్యాలెండరులో డ్యూటీకి వెళ్ళిన ప్రతి రోజున గుర్తు పెట్టండి. కూలి చీటీలు దాచండి. నియామక పత్రము అడగండి, అది ఇవ్వవలెనని కోడ్ చెప్పుచున్నది. ఒక్కరే వెళ్ళి అడిగితే మరునాడు పనిలోనికి రానివ్వకపోవచ్చును. పదిమంది కలిసి అడగండి, అవసరమైతే కార్మిక శాఖ అధికారి దగ్గరకు వెళ్ళండి. చట్టము కాగితము మీద ఎంత మంచిదైనా ఈ భయమును తీయలేదని మాకు తెలుసు.

గర్భవతుల విషయములో లెక్క ఇంకా తక్కువ. కాన్పుకు ముందటి 12 నెలలలో 80 రోజులు పనిచేస్తే చాలు, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల జీతముతో సెలవు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషనులో మస్టరు రోలు మీద పనిచేసే స్త్రీలకు కూడ ప్రసూతి సెలవు చెందుతుందని సుప్రీము కోర్టు 2000 సంవత్సరములోనే తీర్పు చెప్పింది. జబ్బు చేసినవారు ఈఎస్ఐ కార్డు సంగతి చూచుకోవాలి. ఆరు నెలల చందా కాలములో 78 రోజులకు చందా కట్టి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్టు మీద కూలిలో 70 శాతము, సంవత్సరములో 91 రోజుల వరకు వస్తుంది. ఈ చందాకు కూడ పర్మినెంటు కానక్కరలేదు.

పొలము కూలికి, ఇళ్ళలో పాచిపని చేసేవారికి, పదిమందికంటె తక్కువ ఉన్న చోట్లకు ఈ వార్షిక సెలవు అందదు. పొగాకు గ్రేడింగు వంటి సీజను పనులలో 180 రోజులు నిండకపోవచ్చును. ఇది పెద్ద లోటే.

సంఘ పెద్దలతో ఒక మాట. నాలుగవ ఆజ్ఞలోని విశ్రాంతి ఇంటి యజమానికే కాదు, దాసదాసీలకును, పశువులకును చెప్పబడింది. మన మిషను పాఠశాలలలో, ఆస్పత్రులలో ఆయాలు, వాచ్‌మన్లు ఎన్ని సంవత్సరముల నుండి "టెంపరరీ"గా ఉన్నారో కమిటీవారు రిజిస్టరు తెరిచి చూడవలెను. సంవత్సరాంతమున మిగిలిన సెలవులకు డబ్బు అడిగే హక్కు కూడ కోడ్‌లో ఉన్నది గనుక క్రిస్మసు హడావిడిలో డిసెంబరు లెక్క వదలివేయకండి.