తాళంచెవి ఎవరి చేతిలో?

విశాఖ రుషికొండ మీద ప్రభుత్వం కట్టిన భవనాలను ఏం చేయాలన్న చర్చ చాలాకాలం సాగింది. 2024 జూన్‌లో, ప్రభుత్వం మారగానే, తలుపులు తీసి లోపలి స్నానాల గదులు కూడా రాష్ట్రమంతటికీ చూపించారు. వందల కోట్ల లెక్కలు విన్నాం. హోటలు చేద్దామన్నవాళ్ళ వాదనలూ విన్నాం. అదే బీచిరోడ్డు మీద ఇంకాస్త ముందుకు వెళితే భీమునిపట్నం, మన భీమిలి, వస్తుంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. అక్కడి చేపలమ్మే ఆడవాళ్ళు గంప దించి, కాళ్ళు కడుక్కుని, నలుగురితో కూర్చోవడానికి ఒక చోటు కావాలన్న మాట మాత్రం ఆ చర్చలో మాకెక్కడా వినబడలేదు.

వాళ్ళ కోసం మేం కొండ మీది మేడ అడగడం లేదు. రెండు గదులు, కుళాయి, మరుగుదొడ్డి, పసిపిల్లకు ఉయ్యాల కట్టుకోవడానికో దూలం.

మన ప్రభుత్వాలకు భవనాలు కట్టడం చేతకాక కాదు. కులానికో సామాజిక భవనం లేస్తూనే ఉంది. సంస్థలూ కులాలవారీగానే: 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 139 బీసీ కులాలకు 56 కార్పొరేషన్లు పెట్టింది. హైదరాబాదులో తెలంగాణ ప్రభుత్వం కులాలవారీగా ఆత్మగౌరవ భవనాలకు స్థలాలిచ్చింది. శిలాఫలకం మీద కులం పేరు, లోపల సంఘం పెద్దల కుర్చీలు. ఆడవాళ్ళు ఆ గుమ్మం తొక్కేది పెళ్ళికో పేరంటానికో. కులం పేరిట కట్టిన భవనం ఆ కులపు మగవాళ్ళ భవనమే. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

అయితే దళితుల సంగతి వేరు. వాళ్ళకు విడిగా భవనం ఎందుకంటే, ఉమ్మడి చోటు వాళ్ళను ఏనాడూ మనుషులుగా చూడలేదు గనక. 1985లో కారంచేడు చెరువు దగ్గర తాగునీటి తగవులో, కొట్టవచ్చినవాళ్ళ మీదికి దళిత మహిళ సువార్తమ్మ బిందె ఎత్తవలసి వచ్చిందీ అందుకే. ఆ భవనాలు ఉండాల్సిందే.

ఆడవాళ్ళు కలిసి కూర్చోవడానికి డ్వాక్రా పొదుపు సంఘాలున్నాయిగా అంటారు. ఉన్నాయి. పదిమందికో సంఘం. ఆ పదిమందీ ఒకే వీధివాళ్ళు, అంటే మన ఊళ్ళలో చాలావరకు ఒకే కులంవాళ్ళు. మీటింగు ఎవరింటి అరుగు మీదో. జాలరుల పేట, వాడబలిజల పేట, మాలపేట, బజారువీధి: అప్పు ఒకే బ్యాంకులో, వాయిదా కట్టలేని భయం అందరిదీ ఒకటే, అయినా ఒకరి అరుగు ఒకరు ఎక్కరు. ఎక్కనివ్వరు. ఇలా విడివిడిగా కూర్చోబెట్టి మహిళా సాధికారత అనడం మోసం.

ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1991లో అక్షరాస్యత ఉద్యమం అక్కడ రాత్రిబడి పెట్టింది. పగలంతా కూలి చేసి వచ్చినవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాచకంలో సారా మీద పాఠం వచ్చింది. అది చదివి తమ ఇళ్ళ సంగతులు మాట్లాడుకున్నారు. లేచి వెళ్ళి సారా కొట్టు మూయించారు. జిల్లాలు దాటిన ఆ పోరు 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను బందు చేయించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఉద్యమాన్ని ఇప్పటికీ వేదికల మీద పొగుడుతారు. అది పుట్టిన రాత్రిబడి లాంటి చోటును ఊరూరా నిలబెట్టాలని మాత్రం ఏ ప్రభుత్వానికీ తోచలేదు.

అలాంటి చోటు భీమిలిలో కడితే ఎక్కడ కట్టాలన్నదే అసలు తగవు. ఏ పేట నడిబొడ్డున కట్టినా మిగతా పేటలు రావు. గుడి ఆవరణలో కడితే చర్చికి వెళ్ళేవాళ్ళు వెనకాడతారు. నగరపాలక సంస్థ స్థలంలో, పేటల సరిహద్దున, పెద్దరోడ్డు వైపు గుమ్మం పెట్టి కట్టాలి. నీచువాసన అని ఆటోలవాళ్ళు ఎక్కించుకోని గంపలకు లోపల చోటుండాలి. అమ్మకాలు ముగించుకుని వచ్చే వేళకు తెరిచి ఉండాలి. తాళంచెవి ఏ నాయకుడి ఇంట్లోనూ ఉండకూడదు. నెలకొక పేట ఆడవాళ్ళ చేతికి మారాలి.

ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల్లో సగం స్థానాలు మహిళలకని చట్టం ఉంది. భీమిలి ఇప్పుడు విశాఖ మహానగరపాలక సంస్థలో భాగం. ఆ సంస్థలో కూర్చునే మహిళా సభ్యులను అడుగుతున్నాం: బడ్జెట్టు సమావేశంలో ఈ ఆడవాళ్ళ భవనం పద్దు పేరెత్తి అడగండి, ఆ రోజు పేటల ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి.