పెన్షన్ ఆయనతోనే పోవాలా?



మస్కట్ నుంచి నిజ్వా వెళ్ళే హైవే మీద, దాదాపు గంట దూరంలో సమాయిల్ అనే ఊరుంది. నా ఉద్యోగం ఇక్కడే. చుట్టూ నల్లటి రాతి కొండలు, మధ్యలో ఖర్జూరపు తోటలు. శుక్రవారం సెలవు. ఇక్కడ పొద్దున్న తొమ్మిదైతే మన దగ్గర పదిన్నర. ఆ వేళకి తాడేపల్లిగూడెం పక్క పల్లెలో మా పెద్దమ్మ వంట ముగించుకుని నాకు ఫోన్ చేస్తుంది. పిల్లల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాక పోయిన నెలలో ఒక శుక్రవారం ఉన్నట్టుండి అడిగింది.

"నాన్నా, ఎనభై దాటితే పెన్షన్ ఎక్కువ ఇస్తారంట కదా. పక్కింటావిడకి వచ్చింది. మరి నాకేం రాలేదు?"

మా పెదనాన్న మిలిటరీలో హవల్దార్ గా రిటైరయ్యాడు. మా ప్రాంతంలో ఇదేమీ వింత కాదు. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరది. పెదనాన్న 2017లో, 78వ ఏట, ఇంట్లో మంచం మీదే పోయాడు. పేపర్లో ఫొటో రాలేదు. రావాల్సిన చావు కాదు కూడా.

పెద్దమ్మ ప్రశ్నకి జవాబు వెతకడానికి పాత ట్రంకు పెట్టెలోని కాగితాలన్నీ ఫొటోలు తీయించి వాట్సాప్ లో తెప్పించుకున్నాను. ఆవిడ అడిగింది నిజమే. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవారికి 80 ఏళ్ళు నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకి నూరు శాతం అదనంగా ఇవ్వాలి. పెన్షన్ ఆర్డరులో, అంటే పీపీవోలో, పెదనాన్న పుట్టిన తేదీ ఉంది. పెద్దమ్మ పేరు కూడా ఉంది. పేరు పక్కన ఆవిడ పుట్టిన తేదీ ఉండాల్సిన చోట ఖాళీ!

మనలో చాలామందిమి డేటాబేసుల మీద బతికేవాళ్ళమే కాబట్టి ఇది ఇట్టే అర్థమవుతుంది. తప్పు డేటా ఉంటే సిస్టమ్ ఎక్కడో ఒకచోట అరుస్తుంది. ఖాళీ ఉంటే అరవదు, ఊరుకుంటుంది. ఆవిడకి ఎనభై నిండినా సిస్టమ్ కి తెలియదు, ఎవరూ చెప్పలేదు. పాత పీపీవోల్లో భార్య పుట్టిన తేదీ రాయకపోవడం మా ఇంటి ఒక్కదాని కథ కాదు, పెన్షనర్ల సంఘాల వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్న విషయమే.

ఇంతకంటే పెద్ద కష్టం అంతకు ముందే పడ్డాం. పెదనాన్న పోయాక పెద్దమ్మకి మొదటి ఫ్యామిలీ పెన్షన్ అందడానికి పదకొండు నెలలు పట్టింది. కారణం ఆవిడ పేరు! మిలిటరీ రికార్డులో సత్యవతి, ఆధార్ లో వెంకట సత్యవతి. ఇద్దరూ ఒకటేనని అఫిడవిట్ రాయించాం. ఒక ఆఫీసు వాళ్ళు ఇంకో ఆఫీసుకి వెళ్ళమన్నారు, ఆ రెండో ఆఫీసు వాళ్ళు మొదటి వాళ్ళనే అడగమన్నారు. యాభై ఏళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషి, తాను ఆయన భార్యనేనని పదకొండు నెలలు రుజువు చేసుకుంది. ఆ నెలల్లో మందుల ఖర్చుకి ఆవిడ అమ్మిన గొలుసు సంగతి నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. నేను డబ్బు పంపేవాణ్ణే, అడిగితే ఇంకా పంపేవాణ్ణి. ఆవిడ అడగలేదు. నా మొగుడి పెన్షన్ నాకుండగా నిన్నెందుకు అడగాలిరా అంది.

అసలు విషయం ఆ మాటలోనే ఉంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. పెన్షన్ ప్రభుత్వ భిక్ష కాదని, చేసిన సర్వీసుకి దక్కే హక్కని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో చెప్పింది. 1964 ఫ్యామిలీ పెన్షన్ పథకానికి బయట ఉండిపోయిన వితంతువుల గోడు 1985లో పూనమ్మాళ్ కేసుతో తీరింది. అంటే హక్కని ఒప్పుకుని దశాబ్దాలైంది. మరి ఎంత హక్కు?

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. మామూలుగా రిటైరైన జవానుకి పెన్షన్ చివరి జీతంలో సగం. ఆయన పోతే భార్యకి వచ్చే మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. చివరి జీతం 40 వేలనుకుంటే ఆయనకి 20 వేలు, ఆవిడకి 12 వేలు, దాని మీద డీఏ. కనీసం 9 వేలకి తగ్గకూడదని 2016 నుంచి నిబంధన. కొన్నాళ్ళ పాటు ఎక్కువ రేటు, అంటే 50 శాతం ఇచ్చే ఏర్పాటు ఉంది. కానీ రిటైరయ్యాక పోయినవారి విషయంలో అది ఏడేళ్ళు, లేదా ఆయన బతికుంటే 67 నిండే రోజు వరకు, ఏది ముందైతే అది. అరవయ్యో ఏట పోతే భార్యకి ఏడేళ్ళు దక్కుతుంది. అరవై ఆరో పుట్టినరోజు దాటాక పోతే ఏడాది కూడా దక్కదు. మా పెదనాన్న లాగా 78లో పోతే ఒక్క నెల కూడా లేదు. ఆయన ఎక్కువ కాలం బతికినందుకు ఆవిడకి తక్కువ! ఏ ఇంట్లోనైనా మనిషి పోతే కరెంటు బిల్లు ఐదింట మూడొంతులకి తగ్గుతుందా? ఇంటి అద్దె తగ్గుతుందా? వయసు పెరిగేకొద్దీ మందుల ఖర్చు పెరుగుతుందే కానీ తగ్గదు. ఈసీహెచ్ఎస్ వైద్యం వితంతువుకీ వర్తిస్తుంది, అది పెద్ద ఊరటే, కాదనను. కానీ పల్లె నుంచి పాలీక్లినిక్ దాకా వెళ్ళాలంటే ఆటోవాడు ఊరికే తీసుకెళ్ళడు.

సమాయిల్ లో తోటలకి నీళ్ళు ఫలజ్ అనే కాలువల నుంచి వస్తాయి. నీటి వాటాని గంటల లెక్కన పంచుకుంటారు, ఆ వాటా ఆస్తిలాగా వారసులకి పోతుంది. ఇంటి పెద్ద పోయాడని కాలువలో ఆ కుటుంబం వంతు తగ్గదు. చెట్లకి దాహం మునుపటంతే ఉంటుంది కదా.

యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకి నియమాలు వేరు, వేరుగానే ఉండాలి. వాళ్ళకిచ్చే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతమంతా. 2020 జూన్ లో గల్వాన్ లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఇంటి స్థలం, భార్యకి గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం, కొట్టాలి కూడా. ఆ చప్పట్ల చప్పుడులో ఇరవై ఏళ్ళు సరిహద్దుల్లో చలికి కీళ్ళు అరగదీసుకుని ఇంటికొచ్చి పోయినవాడి భార్య గొంతు వినపడదన్నదే నా బాధ. 2015 జూన్ నుంచి జంతర్ మంతర్ దగ్గర జరిగిన ఓఆర్ఓపీ ఉద్యమం కూడా ప్రధానంగా మాజీ సైనికులదే. 2023 మార్చిలో సుప్రీంకోర్టు బకాయిల మీద ఇచ్చిన ఆదేశంలో ఫ్యామిలీ పెన్షనర్లకి అందరికంటే ముందు, ఏప్రిల్ 30 లోపు ఒకే విడతలో ఇమ్మంది. కోర్టుకి తోచిన ఆ వరస మన రాజకీయ పార్టీలకి ఎన్నడూ తోచలేదు.

ఇక రాబోయే కాలం. 2022లో వచ్చిన అగ్నిపథ్ లో నాలుగేళ్ళ సర్వీసుకి పెన్షనే లేదు, కాబట్టి ఫ్యామిలీ పెన్షనూ లేదు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకి చెందిన మురళీ నాయక్ 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. అతను అగ్నివీర్. ఈ పథకం కింద విధి నిర్వహణలో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్ గ్రేషియా వంటివి ఇస్తారు. ప్రతి నెలా వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మాత్రం ఇవ్వరు. పక్కనే నిలబడిన రెగ్యులర్ జవాను కుటుంబానికి వచ్చేది తమకెందుకు రాదని ఆ తల్లి అదే ఏడాది బొంబాయి హైకోర్టుకెక్కింది. ఒకే తూటాకి రెండు రేట్లు ఏ న్యాయమో మీరే చెప్పండి.

డబ్బెక్కడిది అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటని తీసిపారేయలేం. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లలో 1.61 లక్షల కోట్లు పెన్షన్లకే పోయేలా ఉంది, 34 లక్షలకి పైగా పెన్షనర్లున్నారు. అందుకే అందరికీ ఒకేసారి 50 శాతం ఇమ్మని నేననను. ముందు ఆఫీసర్ల కింది ర్యాంకుల కుటుంబాలకి ఆ 67 ఏళ్ళ గీత చెరిపేసి, జీవితాంతం 50 శాతం ఇవ్వాలంటాను. దీనికి ఆఫీసర్ల కుటుంబాల నుంచి వచ్చిన మిత్రులు నా మీద కోపగించుకోవచ్చు. కోపగించుకున్నా ఫరవాలేదు, సిపాయి భార్య 30 శాతానికీ బ్రిగేడియర్ భార్య 30 శాతానికీ తేడా వాళ్ళకి తెలియనిది కాదు.

అమెరికాలో ఉన్న మన మిత్రులకి అక్కడి సంగతి గుర్తుండే ఉంటుంది. రిటైరైన సైనికుడు నెలనెలా ప్రీమియం కట్టి భార్య కోసం కొనుక్కున్న పెన్షన్లోంచి, ఆవిడకి ఇంకో శాఖ ఇచ్చే పరిహారాన్ని కోసేసేవారు. దానికి వితంతువుల పన్ను అని పేరు. ఆ భార్యలే ఏళ్ళ తరబడి కాంగ్రెస్ చుట్టూ తిరిగి 2019 డిసెంబరులో చట్టం చేయించారు, 2023 జనవరికి ఆ కోత పూర్తిగా పోయింది. మన సత్యవతులకి ఢిల్లీ వెళ్ళే ఓపిక లేదు. వాళ్ళ పిల్లలం మనమున్నాం, ఈమెయిల్ రాయడం వచ్చినవాళ్ళం.

రాయాల్సిన చోటు కూడా ఉంది. 2025 నవంబరులో 8వ వేతన సంఘం ఏర్పాటైంది, నివేదికకి 18 నెలల గడువిచ్చారు. ఫ్యామిలీ పెన్షన్ రేటు గురించి మన ఎంపీలకి, ఆ సంఘానికి ఇప్పుడు రాయకపోతే ఇంకో పదేళ్ళు ఆగాలి. దానితో పాటు ఇంకొకటి అడుగుదాం. మనిషి పోయాక భార్యని రుజువులు అడగడం కాదు, ఆయన బతికుండగానే ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు భార్య పేరు, పుట్టిన తేదీ, ఆధార్ సరిపోయాయో లేదో ప్రభుత్వమే చూసి, ఖాళీ ఉంటే ఆయనకే చెప్పాలి. రక్షణ పెన్షన్లు స్పర్శ్ లోకి వచ్చాక ఇది పెద్ద పనేం కాదు, మనలో ఎవరైనా ఒక వారంలో రాసిపెట్టగల క్వెరీ.

ప్రభుత్వం చేసేదాకా మాత్రం ఆగకండి. మీ నాన్నగారో మామగారో మాజీ సైనికులైతే ఈ వారమే ఫోన్ చేసి పీపీవో ఫొటో తెప్పించుకోండి. అమ్మ పేరు ఆధార్ లో ఉన్నట్టే ఉందా? పుట్టిన తేదీ ఉందా? ఇద్దరి పేరా జాయింట్ అకౌంట్ ఉందా? మీద ఆధారపడిన వికలాంగ సంతానమో, విడాకులైన చెల్లెలో ఉంటే వాళ్ళ పేర్లు ఎక్కాయా? తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, ఆయన రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి ఆయన చేతే అర్జీ పెట్టించండి. ఆయన సంతకానికి ఉన్న విలువ, ఆయన పోయాక మనం పెట్టే పది అఫిడవిట్లకి ఉండదు.

పెద్దమ్మ కాగితాలు పంపి మూడు వారాలైంది. పుట్టిన తేదీకి రుజువుగా ఆవిడ చదివిన బడి రికార్డు దొరకలేదు, ఆధార్, పాన్ పెట్టాం. మొన్న శుక్రవారం మళ్ళీ అడిగింది.

"ఏరా నాన్నా, నా పుట్టినరోజు వాళ్ళకి చేరిందంటావా?"

ఇంకా రసీదు రాలేదు పెద్దమ్మా, వచ్చే వారం మళ్ళీ రాస్తాను అన్నాను.