ఊరిగాంను ఎవరి కళ్లతో చూడాలి?

కుప్పం నుంచో, వి.కోట నుంచో ఊరిగాం వచ్చే చుట్టాలు ఇప్పుడు ముందుగా అడిగేది సైనైడ్ దిబ్బలెక్కడని. 2018లో వచ్చిన ‘కేజీఎఫ్’ సినిమా పుణ్యమది. రాయిని పొడికొట్టి బంగారం లాగేశాక మిగిలిన మట్టే ఆ దిబ్బ. గాలి లేస్తే దాని దుమ్ము పడేది కార్మికుల ఇళ్ల మీదే.

లెక్కల పుస్తకం చూసినవాళ్లది ఇంకో తీర్పు. తవ్వే ఖర్చుకు బంగారం గిట్టుబాటు కావడం లేదని 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. లెక్కగా చూస్తే అదీ నిజమే. కానీ అదే చాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. వాళ్లకు బంగారంతో పనిలేదు, లోతే కావాలి.

మరి అందులోకి దిగినవాళ్ల చూపేది? తాత గనిలో దిగితే, మనవడు తెల్లారకముందే బెంగళూరు రైలెక్కుతున్నాడు. ‘మీది చచ్చిన ఊరు కదా’ అని అక్కడెవరైనా అంటే తలూపేస్తాడు. రాత్రికి తిరిగొచ్చేది మాత్రం ఈ ఊరికే! తలూపే ముందు ఇంట్లో పెద్దాయన పక్కన ఒక పూట కూర్చోవాలి. కింద వేడి ఎంతుండేది, రాయి పేలిననాడు ఎవరెవరు పైకి రాలేదు, అయినా మర్నాడు మళ్లీ ఎందుకు దిగాడు అని అడగాలి. గని మూసి ఇరవై ఏళ్లు దాటింది. చెప్పగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు.